గోరీ గోడు

భీమిలి ఒడ్డున, గోస్తని సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, డచ్చివాళ్ల సమాధుల తోటలో ఉంటాను. ఇటుక, సున్నం నా ఒళ్లు. ఎలా కట్టారో చెప్పి విసిగించను. నన్ను కట్టింది ఈ ఊరి తాపీవాళ్లే. లోపల పడుకున్నాయనే పరాయివాడు.

ఆయన డచ్చి ఈస్టిండియా కంపెనీ గుమాస్తా. 17వ శతాబ్దంలో ఆ కంపెనీ ఇక్కడ దిగి బట్టలు, బియ్యం కొని ఓడలకెక్కించేది. 1754లో మరాఠాలు ఊరు దోచారు. 1825లో డచ్చివాళ్లు ఊరిని ఇంగ్లీషువాళ్లకి ఒప్పగించి దాటుకున్నారు. ఆ అప్పగింతల్లో మా ఊసెత్తిందెవరు?

ఊరు మాత్రం పెరిగింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. ఈ రేవులో ఓడలెక్కిన గోగునారని వర్తకులు 'బిమ్లీ జూట్' అన్నారు. గోగుమొక్క ఊరి పేరుని సీమ దాకా మోసింది. నా దొర పేరు నా మీదే నిలవలేదు.

నా నుదుట నల్లరాతి పలక ఉండేది. పేరు, పుట్టినూరు, పోయిన ఏడు, కింద ఓ పుర్రె బొమ్మ. జీవితమంతా పరుల లెక్కలు రాసినాయనకి మిగిలిన సొంత రాత అదొక్కటే. ఓ తుఫాను రాత్రి ఊడి పడింది. ఎవరో అతికించకపోతారా అనుకున్నాను. పడింది పడినట్టే ఉండగా, ఓనాడు ఇద్దరొచ్చి చెరోపక్కా పట్టుకున్నారు. "బట్టలుతుక్కోడానికి బాగుంటాదే" అంది ఒకావిడ. రాత పక్క పైకి పెట్టుకుంటే బాదుడికి ఈపాటికి నున్నబడి ఉంటుంది. బోర్లా పెట్టుకుంటే పేరు మట్టిలో భద్రం. బోర్లాయే పెట్టుకున్నారని నా నమ్మకం.

ఇప్పుడు నా నీడన పేకాట, నెత్తిన మేకలు. దొర పేరు లేదు గానీ, ఎవడో ఎవర్తినో ప్రేమిస్తున్నట్టు నా వీపున మేకుతో చెక్కి ఉంది. పావురాలకొండ మీది బౌద్ధ విహారాలు రెండువేల ఏళ్ల నాటివి. వాటి ముందు నేను పసిగుంటణ్ణి, ఫిర్యాదుకి సిగ్గే.

భోగాపురం విమానాశ్రయం మాట పుట్టాక ఈ తీరంలో భూమి ధరకీ రెక్కలొచ్చాయి. మొన్నో తెల్లచొక్కా ఆయన నా నెత్తి మీదుగా సముద్రాన్ని చూసి, "ఈ గోరీలు తీసేస్తే ఎన్ని సెంట్లొస్తాదేటి?" అన్నాడు.

"లోపల దొరలున్నారు బావూ, ఖాళీ సెయ్యరు" అన్నాడు పక్కవాడు.