సుగ్గికి పోయిన హాల్‌టికెట్

కర్నూలు జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండుగా చీలింది. వేరుపడిన అన్నదమ్ములు ఎద్దులను, బావి నీళ్లను వంతులేసుకున్నట్టు, కర్నూలు, నంద్యాల జిల్లాలు పదో తరగతి ఫలితాల్లో ఆఖరి స్థానాన్ని వంతులేసుకున్నాయి. 2023లో నంద్యాల వంతు, 60.39 శాతం. 2024లో కర్నూలు వంతు, 62.47 శాతం. అంతకు ముందు, 2022లో, పాత జిల్లాల లెక్కన అనంతపురం 49.7 శాతంతో అదే పీట మీద కూర్చుంది. వరసగా మూడేళ్లు ఆ పీట సీమ పొలిమేర దాటలేదు. చివరికి 2025లో అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో వచ్చి దాన్ని లాక్కుపోయింది. ఆ పూట సీమ విద్యాశాఖ ఆఫీసుల్లో ఫ్యాన్లు కాస్త చల్లగా తిరిగి ఉంటాయి.

ఆఖరి స్థానం వచ్చిన జిల్లాలో జరిగే మొదటి పని సమీక్షా సమావేశం. పై ఆఫీసరు కింది ఆఫీసరును, ఆయన హెడ్మాస్టరును, ఆయన లెక్కల సారును అడుగుతారు. లెక్కల సారుకు అడగడానికి పిల్లలు తప్ప ఎవరూ మిగలరు. పిల్లలేమో బడిలో ఉండరు. ఆ సంగతి మినిట్స్ బుక్కులోకి ఎక్కదు.

రెండో పని ప్రణాళిక. వంద రోజుల ప్రణాళిక ప్రకారం డిసెంబరు మొదలుకొని మార్చి దాకా పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, రోజూ స్లిప్ టెస్టు, ఆదివారాలు కూడా బడి. వీటి నడుమ ప్రీ ఫైనల్, ఆపైన గ్రాండ్ టెస్టు. ఇన్ని పరీక్షలు రాసే తీరికలో పిల్లలు చదువుకోవాలి కూడా. ఒకప్పుడు వెనకబడిన పిల్లల్ని సీ గ్రేడు, డీ గ్రేడు అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాట పోయింది. బాగా చదివేవాళ్లు షైనింగ్ స్టార్స్, చదవనివాళ్లు రైజింగ్ స్టార్స్. ఇరవై మార్కులు దాటని పిల్లాడు ఒక్క సర్క్యులర్‌తో నక్షత్రమైపోయాడు. చంద్రయాన్‌కు ఇంతకన్నా ఎక్కువ ఖర్చయింది.

పరీక్ష కొండంత కష్టమేమీ కాదు, కిటుకు తెలిస్తే. లెక్కల పేపరులో 33 ప్రశ్నలు: ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి అయిదు. పెద్ద ప్రశ్నల్లో ఇదైనా అదైనా రాసే వీలుంటుంది. మూడుంపావు గంటల సమయంలో ఆ పావుగంట పేపరు చదువుకోవడానికి. బిట్ పేపరు, బడి చేతిలో ఉండే ఇరవై ఇంటర్నల్ మార్కులు 2019లోనే పోయాయి. పక్కవాడి బిట్లు చూసి గట్టెక్కిన తరాలకు ఆ విలువ తెలుసు, నేటి పిల్లలకు ఆ అదృష్టం లేదు. అందుకే సార్లు ముప్పయ్యైదు మార్కులకు దగ్గరి దారులు వెతికి, మినిమం మెటీరియల్ అని పేరు పెట్టి జిరాక్సు తీయించారు. గ్రాఫు గీస్తే ఎనిమిది. నాలుగు సూత్రాలు, రెండు నిర్వచనాలు, సాంఘికశాస్త్రంలో మ్యాపు. హిందీలో ఇరవై వస్తే పాసే. జాతీయ సమైక్యతకు రాష్ట్రం కట్టిన రేటు పదిహేను మార్కుల డిస్కౌంటు.

ఈ మెటీరియల్ అందుకోవడానికి పిల్లాడు ఊళ్లో ఉండాలి కదా. చిక్కంతా అక్కడే.

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు ఖరీఫ్ పత్తి, వేరుశనగ ఏడిపించాక జనం సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. గుంటూరు, పల్నాడు మిరప చేలకు కొందరు, తెలంగాణ పత్తి చేలకు కొందరు, బెంగళూరు కట్టడాలకు కొందరు. మిరప కోత ముమ్మరంగా సాగేది జనవరి నుంచి మార్చి దాకా. వంద రోజుల ప్రణాళిక ముమ్మరంగా సాగేదీ అప్పుడే. ఒకే పిల్లాడి కోసం రెండు సీజన్లు పోటీ పడితే, కూలి ఇచ్చే సీజనే గెలుస్తుంది. ఇంటికి తాళం, వాకిట్లో ముసలవ్వ, రిజిస్టరులో ఎర్ర సిరాతో లాంగ్ ఆబ్సెంట్.

హెడ్మాస్టరు ఫోన్ చేస్తారు. అటు నుంచి చేను మధ్యలో తల్లి గొంతు: “యాడికి పోతాం సార్, ఉగాదికి వస్తాం గదా.” 2024లో పరీక్షలు మార్చి 18న మొదలై 30న అయిపోయాయి. ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. కర్నూలు ఆఖరి స్థానానికి కారణాలు రాయమని నలభై పేజీల నివేదిక అడిగినవాళ్లు గోడ మీది క్యాలెండరు చూసినా సరిపోయేది.

ఇందులో అసలైన చమత్కారం పాఠ్యపుస్తకానిది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రాకముందు పదో తరగతి సాంఘికశాస్త్రంలో వలసల మీద ఒక పాఠమే ఉండేది. మహారాష్ట్రలో చెరకు నరికే కూలీలు సీజనుకు ఊళ్లు వదిలి వెళ్లే సంగతి అందులో ఉండేది. కోసిగి పిల్లాడు ఆ పాఠం జరుగుతున్నప్పుడు పల్నాడులో మిరపకాయలు కోస్తూ ప్రాక్టికల్స్ చేస్తుండేవాడు. థియరీలో తప్పేవాడు. మ్యాపు పాయింటింగ్‌లో తుంగభద్రను గుర్తించమంటే వాడు కళ్లు మూసుకుని గీతలో చుక్క పెట్టగలడు, నది వాళ్ల మండలం అంచునే పారుతుంది. మార్కు వస్తుంది. చేలోకి నీళ్లు రావాలన్నది సిలబసులో లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదంటే పాపం. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండేలా సీజనల్ హాస్టళ్లు పెట్టింది. మంచి ఆలోచన. కానీ పదిహేనేళ్ల పిల్లాడు చేలో సగం కూలి మనిషి, ఇంటి దగ్గర చంటిబిడ్డను చూసుకునే ఆడపిల్ల నిండు ఆయా. హాస్టల్లో పెట్టే మూడు పూటల భోజనం ఆ లెక్కను పూడ్చదు. 2023 నుంచి 2025 దాకా మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం పార్వతీపురం మన్యానిది, 2024లో 96.37 శాతం. గిరిజన జిల్లా, ఆశ్రమ పాఠశాలలున్న చోటు. పిల్లలు బడిలోనే తిని బడిలోనే పడుకుంటే ఫలితం ఇదీ అని సూత్రం చెప్పబోయేలోగా, అల్లూరి జిల్లా అడ్డం వస్తుంది. అదీ గిరిజన జిల్లానే, అక్కడా ఆశ్రమ పాఠశాలలున్నాయి. సూత్రాలు సమీక్షా సమావేశాలకే వదిలేయడం క్షేమం.

కడప వైపు కథ వేరు. ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వెలిశాక పదో తరగతి మార్కే ఇంజినీరింగు సీటు. ఆరేళ్ల చదువుకు ఎంట్రన్సు లేదు. సర్కారు బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు కూడా. కరోనాకు 2020లో పరీక్షలు రద్దై అందరూ పాసైనప్పుడు, ఎవర్ని తీసుకోవాలో తెలియక ట్రిపుల్ ఐటీ సొంతంగా ఎంట్రన్సు పెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి వేంపల్లెలో, పులివెందులలో 580 వచ్చిన పిల్ల ఇంట్లో సంబరం ఉండదు. “ఆ ఇరవై యాడ పోయినాయి?” అని అడుగుతారు. 2025లో రాష్ట్రంలో ఒక విద్యార్థినికి 600కు 600 వచ్చాక ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మరీ కష్టమైంది.

గ్రేడ్లు పోయి మళ్లీ మార్కులొచ్చిన 2022లో, ర్యాంకులతో ప్రకటనలు వేసుకునే బడులకు మూడు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష దాకా జరిమానా అని జీవో వచ్చింది. 1997 నాటి మాల్‌ప్రాక్టీస్ చట్టం కిందే. ఆ జీవో ప్రకారం జైళ్లు కట్టాలంటే ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులకు పోటీగా కట్టాలి.

ఇక సెల్ ఫోన్. పరీక్షా కేంద్రంలో అది బాంబుతో సమానం, చుట్టుపక్కల జిరాక్సు షాపులకు కూడా తాళాలే. 2022 ఏప్రిల్ 27న, పరీక్షల మొదటి రోజే, నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని ఒక బడి నుంచి తెలుగు ప్రశ్నపత్రం ఫోనులో ఫోటోగా బయటికొచ్చింది. ఆ కేసులో అరెస్టయినవాళ్లలో పంతుళ్లే ఎక్కువ. ఆ రోజుల్లోనే ప్రశ్నపత్రాలకు సీరియల్ నంబర్లు, విడి అడిషనల్ షీట్లకు బదులు 24 పేజీల బుక్‌లెట్ వచ్చాయి. “ఎన్ని అడిషనల్స్ తీసుకున్నావ్ రా?” అనే గొప్పలూ, దారం ముడి వేయడమూ అక్కడితో సరి. 2025 నాటికి హాల్‌టికెట్లు, ఫలితాలు ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్రలోనూ వస్తున్నాయి. ప్రశ్నపత్రం వాట్సాప్‌లో వస్తే నేరం, ముందూ వెనకా వచ్చేవి సుపరిపాలన. సుగ్గికి పోయిన ఇంటికి మాత్రం ఇది మేలే. హాల్‌టికెట్టు నేరుగా మిరప చేలోకే వస్తుంది.

దిద్దే పెద్దలకూ ఒక పరీక్ష జరిగింది 2025లో. బాపట్ల జిల్లాలో ఒక అమ్మాయికి సాంఘికశాస్త్రంలో 23 వేశారు. మళ్లీ దిద్దితే 96. రాష్ట్రమంతా వేల జవాబుపత్రాల్లో మార్కులు మారాయి, కొందరు దిద్దినవాళ్లు సస్పెండయ్యారు. వాళ్లకు వంద రోజుల ప్రణాళిక వేసినట్టు వార్త రాలేదు.

మార్చి పోతే సెప్టెంబరు ఉంది అని పాత తరం ధీమాగా తిరిగేది. ఇప్పుడు సెప్టెంబరు లేదు, సప్లిమెంటరీ మే నెలాఖరుకే వచ్చేస్తోంది. అప్పటికి మిరప కోత ముగిసి, సుగ్గికి పోయినవాళ్లు ఊరు చేరి, వానల కోసం ఆకాశం చూస్తూ ఖాళీగా ఉంటారు. కర్నూలు పడమటి మండలాల వరకు మే పరీక్షనే అసలు పరీక్షగా ప్రకటిస్తే ఖజానాకు రూపాయి ఖర్చు లేదు. అచ్చేసిన మార్చి పేపర్లు వృథా అవుతాయని బెంగ ఉంటే, సమీక్షా సమావేశాలకు వచ్చే ఆఫీసర్లు రాయొచ్చు. మినిమం మెటీరియల్ బడిలోనే ఉంది, హిందీలో వాళ్లకూ ఇరవై వస్తే చాలు.