‘బి’ షెడ్యూలు ఆస్తి

మొత్తానికి రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. బనకచర్ల ప్రాజెక్టు మీద కాదు, శ్రీశైలం నీళ్ల మీద కాదు, రాష్ట్ర విభజన నాటి నుంచీ తెగని తొమ్మిదో షెడ్యూలు సంస్థల మీద అసలే కాదు. మీరూ నేనూ రోజుకు పది గంటలు పనిచేయాలన్న దాని మీద. 2025 జూన్ మొదటి వారంలో అమరావతి మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో తొమ్మిది గంటల్ని పది చేస్తామంది. జులై 5న హైదరాబాద్ జీవో తీసి, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలన్నిటికీ అదే పది ఖాయం చేసింది. మధ్యలో ఒక్క లేఖ లేదు, ఒక్క ఫిర్యాదు లేదు, కేంద్ర జలశక్తి మంత్రి గుమ్మం ఎవరూ తొక్కలేదు. అన్నదమ్ములంటే ఇలా ఉండాలి.

జీవో చూసి నేను ఉలిక్కిపడలేదు. దానికి పడిన చప్పట్లు విని ఉలిక్కిపడ్డాను. వాకింగ్ ట్రాకుల మీద, రిసెప్షన్ల బఫే లైన్లలో, రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చల్లో అరవై దాటినవారిది ఒకటే మాట: పోన్లెద్దురూ, ఈ కాలం పిల్లలకి కాస్త కష్టం తెలిసొస్తుంది, మా రోజుల్లో అయితే...

ఆ ‘మా రోజుల్లో’ తర్వాత వచ్చే పద్దులు మీకు కంఠతా వచ్చు. వాగు దాటి వెళ్లిన బడి. కిరసనాయిలు బుడ్డి. వారాలు చేసుకుని చదివిన చదువు. అన్నయ్య నుంచి దిగిన లాగూ, దాని వెనక రెండు అతుకులు. మొదటి జీతం ఎంతో చెప్పి, మన మొహంలోకి చూసి, కాసేపు ఆగడం. విన్నకొద్దీ నాకు తోచిందేమంటే, వీటిని జ్ఞాపకాలనుకోవడం మన అమాయకత్వం. ఇది ఆస్తి. ఒక తరం చెమటోడ్చి కూడబెట్టిన స్వార్జితం. ఇంత ఆస్తిని వారసుల పేర రాయకుండా వదిలేస్తే రేపు పోరంబోకులో కలిసిపోదూ? అందుకని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే ఒక లేఖరి గారిని బతిమాలి, తెలుగు పెద్దలందరి తరఫునా ఒక నమూనా దస్తావేజు రాయించాను. ఆసక్తి ఉన్నవారు ఖాళీలు పూరించుకోవచ్చు.

“...వాస్తవ్యులు, వయస్సు 68 సంవత్సరములు, వృత్తి విశ్రాంత ఉద్యోగి అయిన నేను పూర్తి స్పృహలో, స్థిరచిత్తముతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టపూర్వకముగా రాసి ఇచ్చిన వీలునామా ఏమనగా: నాకు స్వార్జితముగా రెండు విధముల ఆస్తి కలదు. ‘ఎ’ షెడ్యూలులో చూపిన ఇల్లు, ఇళ్ల స్థలములు, బంగారము, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు నా తదనంతరము నా స్వంత కుమారునికి, కుమార్తెకు, మనుమలకు పుత్రపౌత్ర పారంపర్యముగా చెందవలెను. ‘బి’ షెడ్యూలులో చూపిన కష్టములు యావత్తు ఇతరుల కుమారులకు, కుమార్తెలకు, మనుమలకు చెందవలెను. సదరు ‘బి’ షెడ్యూలు ఆస్తిలో నా స్వంత సంతానమునకు ఏ విధమైన హక్కూ వాటా లేదు. ఎవరైనను అట్టి వాటా వారికి ఇవ్వబూనిన, అది చెల్లనేరదు.”

షెడ్యూలు ఆస్తికి చతుస్సరిహద్దులు ఉండాలన్నాడు లేఖరి. రాయించాను. తూర్పు: సూర్యుడి కంటే ముందు బయల్దేరిన కంపెనీ బస్సు. పడమర: పిల్లలు నిద్రపోయాక చేరే ఇల్లు. ఉత్తరం: మేనేజరు. దక్షిణం... ఆ దిక్కు ఎవరిదో మీకు తెలుసు కనుక ఖాళీగా వదిలేశాం.

అంతా అయ్యాక లేఖరి గారే ఒక చిక్కు చెప్పాడు. వీలునామా అయితే రాసినవారు పోయాక గానీ అమల్లోకి రాదట. అంతవరకు ఆగే ఓపిక ప్రభుత్వాలకు ఎక్కడిది? బతికుండగానే స్వాధీనం అప్పగించాలంటే దాన సెటిల్‌మెంట్ రాసుకోవాలి. ఇప్పుడు అర్థమైంది నాకు, ఆ జీవో ఏమిటో, ఆ మంత్రివర్గ తీర్మానం ఏమిటో. స్టాంపు డ్యూటీ లేదు, సాక్షి సంతకాలు లేవు. పుచ్చుకునేవాడి అంగీకారమైనా అడగలేదు. ఆంధ్రప్రదేశ్ వారు దానంలో కొసరు కూడా వేశారు: ఇదివరకు ఐదు గంటలు పనిచేస్తే అరగంట విరామం దక్కేది, ఇక ఆరు గంటలు చేస్తేనే అన్నారు. పెద్దాయన చిన్నప్పుడు పస్తులున్నాడు కదా, ఆ పస్తులో ఒక గంట మనకి రాసిచ్చాడనుకోవాలి. మూడు నెలలకు 75 గంటలున్న ఓవర్‌టైం పరిమితిని 144కి పెంచారు. వారానికి 48 గంటలు దాటితే డబ్బులిస్తారండీ అని మంత్రులు నచ్చజెప్పారు. దానానికి దక్షిణ అన్నమాట.

ఈ దస్తావేజుకు నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. మాతృక బెంగళూరులో ఉంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు దేశంలోని యువతీయువకులంతా వారానికి 70 గంటలు పనిచేయాలని చెప్పారు. అది ‘బి’ షెడ్యూలు. ఐదు నెలలు తిరిగేసరికి, 2024 మార్చిలో, 15 లక్షల ఇన్ఫోసిస్ షేర్లు మనవడి పేర బదలాయించారు. ఆనాటి విలువ 240 కోట్ల రూపాయల పైమాటే. అది ‘ఎ’ షెడ్యూలు. వారసుడి వయసు నాలుగు నెలలు. ఆ షేర్ల మీద 2025 ఏప్రిల్లో ప్రకటించిన ఒక్క డివిడెండే 3 కోట్ల 30 లక్షలు. ఆ పసివాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు; నూరేళ్లు చల్లగా ఉండాలి. ఆ వయసులో వారానికి 70 గంటల నిద్ర కూడా తక్కువే. నా సందేహం తాతగారి గురించి. కష్టం మనిషిని తీర్చిదిద్దుతుందని అంత గట్టిగా నమ్మినాయన, సొంత మనవడి దగ్గరికొచ్చేసరికి ఆ మహాభాగ్యాన్ని ఎందుకు దక్కనివ్వలేదు? షేర్లు ఊరివాళ్లకిచ్చి, ఆ డెబ్బై గంటలు వాడి పేర రాయవలసింది కదా!

2025 జనవరిలో, హైదరాబాద్ మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు ఇంకో ఇరవై గంటలు కలిపారు. ఆదివారాలు కూడా పని చేయించుకోలేకపోతున్నందుకు విచారిస్తున్నానన్నారు. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చాలామంది చెప్పారు కనుక నేను చెప్పను. లెక్క మాత్రం ఒకటి వేశాను. 2023-24లో ఆయన తీసుకున్నది 51 కోట్లు. కంపెనీ వార్షిక నివేదిక ప్రకారమే, మధ్యస్థ ఉద్యోగి జీతానికి 534 రెట్లు. త్రైరాశికం వేస్తే, ఛైర్మన్ గారి 90 గంటలకు సమానంగా ఆ ఉద్యోగి వారానికి పది నిమిషాలు పనిచేస్తే చాలు. సోమవారం ఉదయం టీ తాగేలోపు అయిపోతుంది. మిగిలిన వారమంతా ఎవరి మొహం చూసుకోవాలో వాళ్ల ఇష్టం.

సరే, దస్తావేజు రాశాక ఈసీ తీయించాలి కదా. ఆస్తి మీద ఏ తాకట్టూ లేదని తేలాలి. తీయించాను. తేలిందేమిటంటే, పెద్దలు అనుభవించినప్పుడు ఈ కష్టానికి కొన్ని హక్కులు అంటుకుని ఉండేవి. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, హెచ్ఎంటీ, విశాఖ ఉక్కు, ఆర్టీసీ, కరెంటాఫీసు: ఎక్కడైనా డ్యూటీకి మొదలుంది, చివరుంది. షిఫ్టు అయిపోతే అయిపోయినట్టే. సాయంత్రం మిరపకాయ బజ్జీల పొట్లంతో ఇంటికి చేరి, పిల్లల ఎక్కాలు అప్పజెప్పించుకుని, రేడియోలో వార్తలు విన్న తరం అది. ఉద్యోగం ఊడుతుందన్న భయం లేదు. క్వార్టరు ఉంది, డీఏ ఉంది, కొందరికి చివర్లో పింఛనూ ఉంది. బదలాయింపులో చిన్న మార్పు జరిగింది: కష్టం మాత్రం ‘బి’ షెడ్యూల్లో ఉండిపోయి, దానికి అంటుకున్న హక్కులన్నీ రాలిపోయాయి. ప్రభుత్వోద్యోగాల్లో పాత పింఛను తలుపు కేంద్రంలో 2004 జనవరి 1న, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అదే ఏడాది సెప్టెంబరు 1న మూసుకుంది. ఆ తర్వాత చేరినవాళ్లంతా బయటే.

జీతం సంగతి చూద్దామా? 2010లో ఇంజినీరింగ్ పాసై పెద్ద ఐటీ కంపెనీలో చేరిన పిల్లకు ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. 2025లో చేరిన ఆమె తమ్ముడికీ దాదాపు అంతే. అప్పట్లో తులం బంగారం ఇరవై వేల చుట్టుపక్కల ఉండేది, 2025 జులై నాటికి లక్ష అంచుకు చేరింది. అక్క ఏడాది జీతం పదిహేను పైచిలుకు తులాలు, తమ్ముడిది మూడున్నర. ఆ తమ్ముణ్ని పట్టుకుని ‘ఇప్పటి పిల్లలకి పొదుపు తెలియదు, కాఫీ షాపుల్లో తగలేస్తారు’ అంటారు. ఎన్ని కాఫీలు మానితే పన్నెండు తులాలు వెనక్కొస్తాయో ఆ లెక్క కూడా చెబితే బాగుండు.

ఇక లింకు డాక్యుమెంట్లు. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి దిగిందో వెనక్కి వెతకాలి. ఈ పది గంటలు అసలు ఎవరివి? వెతుక్కుంటూ పోతే 1934లో తేలింది. ఆ ఏటి ఫ్యాక్టరీల చట్టం: రోజుకు పది గంటలు, వారానికి 54. తెల్లదొరల చట్టం. 1942లో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చేపట్టిన అంబేద్కర్, 1946లో దానికి సవరణ తెచ్చి వారానికి 48, రోజుకు తొమ్మిది చేశారు. 1948 చట్టం దాన్నే నిలబెట్టింది. అంటే మన తాతలు వదిలించుకున్న బాకీని తీసుకొచ్చి ఇవాళ మనవల నెత్తిన పెడుతున్నారన్నమాట. దీనికి సంస్కరణ అని పేరు. వ్యాపారాలకు సులభతరమట.

ఇక్కడ దస్తావేజు మడిచి పక్కన పెడుతున్నాను. నవ్వు రావడం లేదు.

నిజంగా కష్టపడ్డవాళ్లు ఎవరో మనకు తెలియదా? నిజామాబాద్‌లో వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే తల్లిని అడగండి, సిరిసిల్లలో మగ్గాల మోతకు చెవులు పోయిన తండ్రిని అడగండి. నా బతుకు నీకొద్దు బిడ్డా అంటారు తప్ప, నాలాగా నువ్వూ పడు, అప్పుడు బాగుపడతావు అనరు. బిడ్డ ఎండకు పోకుండా నీడన కూర్చుని పనిచేయాలని పుస్తెలు కుదువపెట్టి చదివించినవాళ్లు వాళ్లు. మనవడికి షేర్లు రాసిచ్చిన పెద్దమనిషి చేసిందీ అదే. తనవాళ్లకు కష్టం రాకూడదని ప్రతి మనిషీ కోరుకుంటాడు, అందులో తప్పు లేదు. పరాయి పిల్లల దగ్గరికి వచ్చేసరికి కష్టం వ్యక్తిత్వ వికాసం ఎలా అయిపోతుందో, అదే నాకు అరగనిది.

2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. షిఫ్టులో ఉన్నవాళ్లలో నలభై మందికి పైగా పోయారు. ఒడిశా, బిహార్, యూపీల నుంచి, మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. దేహాలు ఎవరివో డీఎన్ఏ పరీక్షలు చేస్తే గానీ తెలియలేదు. కొందరి ఆచూకీ కోసం శిథిలాల్లో ఇంకా వెతుకుతూ ఉండగానే, ఐదో రోజున పది గంటల జీవో వచ్చింది. ఇది వాణిజ్య సంస్థల జీవో, ఫ్యాక్టరీలకు వర్తించదు అని మీరు నాకు చెప్పనక్కర్లేదు, చదివాను. కానీ ఆ వారంలో, అయినవాళ్లు ఫొటోలు పట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడిన ఆ వారంలో, కార్మిక శాఖకు తొందరపడి సంతకం చేయవలసిన కాగితం అదొక్కటే దొరికిందా? ఈ దేశంలో పనిచేసేవాళ్లకు తక్కువైంది కష్టమని ఎవరు చెప్పారు వీళ్లకి? సిగ్గుండాలి.

పెద్దలకు ఒక మనవి. మీరు పడ్డ కష్టాన్ని ఎవరూ కాదనడం లేదు. కానీ దాన్ని చూపించి ఈ జీవోకు సాక్షి సంతకం పెట్టకండి. మీ మనవడూ ఏదో ఒక కంపెనీలో ఈ పది గంటల కిందికే వస్తాడు. అందరి తాతలకూ పదిహేను లక్షల షేర్లు ఉండవు.

కుర్రవాళ్లకు ఒక మాట. 48 గంటలు దాటి చేయించుకున్న పనికి ఓవర్‌టైం కట్టాలని ఆ జీవోలోనే ఉంది, ఫ్యాక్టరీల్లోనైతే రెట్టింపు కట్టాలని చట్టంలోనే ఉంది. ఈ నెల జీతం చీటీలో ఆ పద్దు ఉందో లేదో చూడండి. లేకపోతే లేబర్ ఆఫీసులో కాగితం రాసిచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.