పైసా ఖర్చు లేని పనిదినం

పిల్లలకు చదువు రావడం లేదని ఏదో ఒక నివేదిక వచ్చినప్పుడల్లా సర్కారు చూపు ముందుగా పడేది క్యాలెండర్ మీద. లెక్కల సారు లేని బడికి లెక్కల సారుని వెయ్యాలంటే డీఎస్సీ పెట్టాలి, కోర్టు కేసులు దాటాలి, ఆపైన నెలనెలా జీతమివ్వాలి. రెండో శనివారం బడి పెట్టడానికి ఒక సర్క్యులర్ చాలు. అందులో అసలు ప్రాణం ఆఖరి వాక్యంలో ఉంటుంది: ‘ప్రభుత్వంపై ఎలాంటి అదనపు ఆర్థిక భారం లేకుండా’. పైనున్న పేరాలన్నీ దానికి పల్లకీ మోసేవే.

పోనీ, మన దగ్గర రోజులకు కరువొచ్చిందా అంటే అదీ లేదు. విద్యాహక్కు చట్టం అయిదో తరగతి వరకు ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు బడి నడవాలంది. తెలంగాణ 2025-26 క్యాలెండర్ జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 లోపు 230 పనిదినాలు చూపించింది. చట్టం అడిగిన దానికన్నా కొసరు ఎక్కువే వేశారు.

ఇక కోతలు మొదలవుతాయి. ముసురు పట్టిందంటే కలెక్టరు గారి సెలవు. ఓట్లొస్తే బడే పోలింగ్ కేంద్రం, సార్లే పోలింగ్ సిబ్బంది. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. లెక్కల్లో మాత్రం అదీ నిండు రోజే. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే కోసం ప్రాథమిక బడులను మూడు వారాల పాటు ఒంటిపూటకు కుదించారు. పొద్దున రెండో తరగతి పిల్లల్ని ఎక్కాలు అడిగిన మేడమ్, మధ్యాహ్నం 75 ప్రశ్నల ఫారం పట్టుకుని వాళ్ల ఇళ్లకే వెళ్లి అమ్మానాన్నల్ని అడిగింది.

టీచర్లను చదువుకు సంబంధం లేని పనులకు వాడకూడదని ఆ విద్యాహక్కు చట్టమే 27వ సెక్షన్‌లో చెప్పింది. పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడింటికే మినహాయింపు. 2020 మే నెలలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సర్దడానికి టీచర్లనే నిలబెట్టారు. విపత్తు సహాయం పద్దులో రాసుకుని ఉంటారు. ఆ తర్వాత ఆంధ్రలో బడి మరుగుదొడ్లను ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే బాధ్యతా వాళ్ల మీదే పడింది. అది ఏ మినహాయింపు కిందికి వస్తుందో తేల్చడానికి ఇంకో కమిటీ వెయ్యాలి.

పెంచిన రోజులకు డబ్బిచ్చే విషయంలో అమెరికా వాళ్లది మరీ చాదస్తం. మనవాళ్లు ఊళ్లకు ఊళ్లు కాపురం పెట్టిన టెక్సాస్‌లో 2019లో ఒక చట్టం చేశారు. ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అయినా తన ప్రాథమిక బడులను 180 రోజులు దాటి నడుపుతానంటే, మరో 30 రోజుల వరకు రోజుకు సగం రోజు లెక్కన రాష్ట్రమే డబ్బిస్తుందని అప్పట్లో అందులో రాశారు. రెండు పూటలా నడుపుకుంటే మిగతా సగం డిస్ట్రిక్టే చూసుకోవాలన్నమాట. ఒంటిపూట బడులు మనవైతే, ఒంటిపూట నిధులు వాళ్లవి. మనం వాళ్లను ఎప్పుడో దాటేశాం: రెండు పూటలా బడి, ఏ పూటా పైసా లేదు.

లేదనడం కూడా అన్యాయమే. 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెలంగాణ సర్కారు బడుల్లో పదో తరగతి ప్రత్యేక తరగతుల కోసం 38 రోజుల పాటు నిధులు విడుదల చేశారు. పిల్లవాడికి రోజుకు 15 రూపాయలు. ఆ సొమ్ముతో ఉడకబెట్టిన శనగలో, పల్లీలూ బెల్లమో పెట్టారు. సాయంత్రం నీరసించిన పిల్లలకు అది మంచి పనే, వంక పెట్టను. కానీ అదే గదిలో అదే గంట నిలబడి త్రిభుజాలు గీసిన సారుకు శనగ గింజ కూడా మంజూరు కాలేదు.

వేసవి సెలవుల్లో పని చేయిస్తే మాత్రం టీచరుకు ప్రతిఫలం ఉంది. చేసిన రోజుల దామాషాలో ఆర్జిత సెలవు జమ చేస్తారు. అంటే రోజుకు కూలీ డబ్బుల్లో కాదు, సెలవుల్లో. దాన్ని డబ్బు చేసుకుందామని సరెండర్ బిల్లు పెడితే అది ట్రెజరీకి వెళ్లి అక్కడే సంసారం పెట్టుకుంటుంది. విసిగిపోయిన సారు ఆ సెలవును ఏ ఆగస్టులోనో వాడుకుంటాడు. మే నెలలో పెంచిన బడి రోజు ఆగస్టులో తరిగిపోతుంది. మొత్తం మీద పిల్లవాడికి దక్కింది ఎండ.

ఇక వంటగది సంగతి. ప్రాథమిక బడి పిల్లవాడి మధ్యాహ్న భోజనానికి బియ్యం కాక అయ్యే వంట ఖర్చును కేంద్రం 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలుగా లెక్కగట్టింది. పప్పూ నూనే కట్టెలూ అన్నీ అందులోనే. ముద్ద ఖరీదు పైసలతో సహా తేల్చిన యంత్రాంగానికి రోజు ఖరీదు మాత్రం సున్నా అనిపిస్తోంది. వండి వడ్డించే అమ్మకు నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం, అదీ ఏడాదికి 10 నెలలే అని కేంద్రం నిబంధన. మన రెండు రాష్ట్రాలూ పైన కలిపి 3,000 చేశాయి. క్యాలెండర్‌ను సాగదీసే పెద్దలకు ఆ 10 అంకె కంటికి ఆనినట్టు లేదు. బడి పదకొండో నెలలోకి జరిగిందనుకోండి, ఆమె పొయ్యి ముందు ఎవరి ఖాతాలో కూర్చోవాలి?

అందుకే నాదొక చిన్న పరీక్ష. ఈసారి ఎవరైనా పనిదినాలు పెంచుతామంటే పాఠ్యప్రణాళికలు, లక్ష్యాలు, యాప్‌లు చూపించక్కర్లేదు. వంటమ్మకు పదకొండో నెల డబ్బు ఇస్తామని ఒక జీవో తెచ్చి చూపించండి. బడికయ్యే ఖర్చుల్లో అంతకన్నా చవకైనది ఇంకోటి లేదు. దానికే ఆర్థిక శాఖ ఫైలు వెనక్కి పంపితే, పెంచింది బడి రోజులు కాదు, సర్క్యులర్ల సంఖ్య.