అంకుల్, పెద్ద ఎస్‌ఎస్‌డీ వేసెయ్యండి

ఈ మధ్య ఎవరు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చినా ఒకటే మాట: "అంకుల్, సి డ్రైవ్ ఎర్రబడింది, పెద్ద ఎస్‌ఎస్‌డీ వేసెయ్యండి." వేసెయ్యాలట! 256 జీబీ పీకి 1 టీబీ పెట్టాలి, క్లోన్ అని నొక్కాలి, టీ తాగొచ్చేలోపు విండోస్ యథాతథంగా లేచి కూర్చోవాలి. అందులో ఎన్ని పార్టిషన్లున్నాయి, మెషిన్ దేన్నుంచి బూట్ అవుతోంది అని అడిగితే మొహం మొహం చూసుకుంటారు.

మా రోజుల్లో అవి తెలియకపోతే పని మొదలయ్యేదే కాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో డిస్కు కొనగానే ముందు దాని మీదున్న చీటీ చదివేవాళ్లం. ఏ పిన్నుల మీద జంపర్ పెడితే మాస్టరో, ఎక్కడ పెడితే స్లేవో అందులోనే బొమ్మ గీసి ఉండేది. బియ్యపు గింజంత జంపర్‌ను ట్వీజర్‌తో పట్టి తీయాలి, కింద పడిందా ఇక వెతుకులాటే. వెడల్పాటి ఐడీఈ కేబుల్‌లో ఎర్రగీత ఉన్న అంచు ఒకటో పిన్ను వైపు రావాలి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి డిస్కును పూర్తిగా గుర్తించిందా అని చూడాలి. కొన్ని పాత బోర్డులు 504 ఎంబీ దగ్గరే ఆగిపోయేవి, ఆ తర్వాతివి 8.4 జీబీ దగ్గర, ఇంకొన్ని 137 జీబీ దగ్గర. ఎఫ్‌డిస్క్‌లో పార్టిషన్ చేసి, దాన్ని యాక్టివ్ చెయ్యడం మర్చిపోతే అన్నీ కాపీ అయినా మెషిన్ లేవదు.

గోస్ట్ వచ్చాక మాకు ప్రాణం లేచొచ్చింది. న్యూజిలాండ్‌లో పుట్టిన డిస్కు క్లోనింగ్ ప్రోగ్రామది, 1998లో సిమాంటెక్ కొనేసింది. ఒక్క ఫ్లాపీలో ఇమిడిపోయేది. సోర్స్ ఏది, డెస్టినేషన్ ఏది అని అడిగినప్పుడు గదిలో ఎవర్నీ మాట్లాడనిచ్చేవాణ్ని కాదు. అది తారుమారైతే ఖాళీ డిస్కు వెళ్లి నిండు డిస్కు మీద కూర్చుంటుంది, ఎవరి పీజీ థీసిస్సో, ఎవరి షాపు లెక్కలో గల్లంతు. నిమిషానికి ఎన్ని ఎంబీ కాపీ అవుతోందో తెర మీద కనపడుతూ ఉండేది. ఆ అంకె ఉన్నట్టుండి పడిపోయిందంటే పాత డిస్కులో బ్యాడ్ సెక్టార్లేమో అని అనుమానించేవాళ్లం.

ఇప్పటి వేగాన్ని నేను కాదనను. రాత్రంతా పట్టే పని అరగంటలో తేలిపోవడం మంచిదే. నా కోపం చూడకుండా చెయ్యడం మీద. ఎం.2 స్లాట్ కనపడగానే ఏదో ఒక కార్డు ఆర్డర్ పెట్టేస్తారు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు, సాటా రకమైనా ఎన్‌వీఎంఈ రకమైనా పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. తమ బోర్డు ఏది తీసుకుంటుందో మాన్యువల్ తెరిచి చూడరు. క్లోన్ అయ్యాక "జాగా పెరగలేదంకుల్" అని వస్తారు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే సంగతి ఇట్టే తెలుస్తుంది. సి పక్కనే రికవరీ పార్టిషన్, దాని అవతల 700 జీబీ ఖాళీ. ఇంటికీ పెరటికీ మధ్య పొరుగువాడి గోడ ఉన్నట్టు! పక్కనే ఆనుకున్న ఖాళీలోకి తప్ప విండోస్ సి డ్రైవ్‌ను పెంచదు. ముందే చూసి రికవరీని చివరికి జరిపి ఉంటే ఈ బాధే లేదు.

ఇంకోటి, తాళం. విండోస్ 11 24హెచ్2ను కొత్తగా ఎక్కించి ఆన్‌లైన్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషిన్లలో డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ల్యాప్‌టాప్ పోయినప్పుడు అది రక్షణే, ఒప్పుకుంటాను. కానీ ఆ డిస్కు పీకి ఇంకో మెషిన్‌కు పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ ఆ ఖాతాలో ఉంటుంది, ఖాతా పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. తన ఇంటికి తాళం పడిందని యజమానికే తెలియకపోవడం ఏం పద్ధతి?

వీటన్నిటికన్నా నాకు మండేది కొన్ని షాపుల తొందర. కొత్త డిస్కు ఒక్కసారి బూట్ అయిందో లేదో, పాతదాన్ని అప్పటికప్పుడే ఫార్మాట్ కొట్టి, ఎన్‌క్లోజర్‌లో బిగించి, "పెన్‌డ్రైవ్‌లా వాడుకోండి" అని చేతిలో పెడుతున్నారు. ఫొటోలు తెరుచుకుంటున్నాయా, ట్యాలీ డేటా వచ్చిందా అని ఒక్క ఫోల్డరైనా తీసి చూడరు. మేము పాత డిస్కును కవర్లో చుట్టి, పేరూ తేదీ రాసి, కనీసం నెల రోజులు ముట్టుకోవద్దని చెప్పి మరీ పంపేవాళ్లం. బాబూ, ఆ నెల రోజులు ఆగడానికి ఇప్పుడు మీకొచ్చిన కష్టమేంటి?