లాన్‌గారు

అమెరికాలో మనవాళ్లింటికి భోజనానికి వెళితే చెప్పులు విప్పగానే ఇల్లు చూపిస్తారు. లాన్‌గారు మాత్రం లోపలికే రానివ్వడు. గ్యారేజ్ పక్కనుంచి తిప్పి నేరుగా పెరట్లోకి తీసుకెళ్లి, "ఒక్కసారి ఉత్తికాళ్లతో అడుగుపెట్టి చూడండి" అంటాడు. అసలు పేరుతో మనకు పనిలేదు. డెన్వర్ చుట్టుపక్కల ఆరోరాలో ఒకరు, పార్కర్‌లో ఒకరు, బ్రూమ్‌ఫీల్డ్‌లో ఒకరు ఉన్నారు, అందరూ ఒకే మనిషి. ఆఫీసులో ఏం చేస్తాడో కట్టుకున్నావిడకే సరిగ్గా తెలీదు గానీ, ఆయనది కెంటకీ బ్లూగ్రాసని, నీడ పడే మూలన మాత్రం ఫెస్క్యూ కలిపాడని వీధంతా తెలుసు.

ఆ ఊళ్లో గడ్డి పెంచడమంటే ఆకాశం మీద దావా వేయడమే. ఏడాదికి పడేది, కరిగిన మంచుతో కలిపినా, 15 అంగుళాలు అటూ ఇటూ. కరువుకు మారుపేరైన మన అనంతపురంలోనే 22 దాకా పడుతుంది. సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉన్న ఊరు కదా, ఎండ చురుక్కుమంటుంది, గాలి పొడిగా కొడుతుంది, కింద చూస్తే బంకమన్ను. అక్కడ తమ బతుకు తాము బతికే గడ్డి జాతులు లేకపోలేదు, బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా లాంటివి. కాకపోతే అవి అక్టోబరుకల్లా ఎండి మే దాకా గోధుమరంగులో పడుకుంటాయి. ఆ మాటెత్తితే లాన్‌గారు "పక్కింటాయన ఏమనుకుంటాడండీ?" అంటాడు. పక్కింటాయన ఎప్పుడో గడ్డంతా పీకించి, కంకర పోయించి, నాలుగు లావెండర్ మొక్కలు పెట్టుకుని కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇలాంటి తక్కువ నీళ్ల తోటలకు జీరిస్కేప్ అని పేరు పెట్టింది డెన్వర్‌కు నీళ్లిచ్చే సంస్థే, 1981లో. లాన్‌గారింట్లో ఆ మాట అనకూడదు. మొన్నమొన్నటి దాకా "నాకేం సరదానా, హెచ్ఓఏ వాళ్లు ఊరుకోరండీ" అని ఒక సాకు ఉండేది. తక్కువ నీళ్ల తోటకు కనీసం 3 నమూనాలు, ఇళ్ల యజమానుల సంఘాలైన ఆ హెచ్ఓఏలే ముందుగా ఒప్పుకుని ఉంచాలని 2023లో కొలరాడో చట్టం చేసి, ఆ సాకు కాస్తా ఊడగొట్టింది. పాపం, ఆ వారమంతా ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆయన సంవత్సరం ఉగాదితో మొదలవదు. మట్టి వేడి 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరేలోగా, క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మొలవకుండా మందు చల్లాలి. ఆ వేడి చూడటానికి, పాలు తోడేసే ముందు ఆవిడ వాడుకునే థర్మామీటర్‌ను పట్టుకెళ్లి మట్టిలో గుచ్చుతాడు. ఆ వారంలో వాళ్లింట పెరుగన్నం తినేవాళ్లు తక్కువ. తర్వాత అద్దెకు తెచ్చిన యంత్రంతో నేలంతా చిల్లులు పొడిచి, పైకొచ్చిన మట్టి ముక్కలను ఏరనివ్వడు. అవి అక్కడే కరగాలట. చూసినవాళ్లు కుక్కల పని అనుకుని దూరంగా నడుస్తారు. వేసవిలో మూడంగుళాలకు తక్కువ కోయడు, ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయడు. పిల్లలు క్రికెట్ ఆడుకోవాలంటే పార్కుంది. స్క్రూడ్రైవర్‌తో నేలను పొడిచి, దిగకపోతే దప్పిక అంటాడు. గరిక పోచ కనిపిస్తే కంగారుపడి మందు కొడతాడు. వినాయక చవితికి అదే గరికను ఇండియన్ స్టోర్‌లో డాలర్లిచ్చి కొంటాడు.

ఇదంతా ఎవరైనా చేస్తారు. అసలైన లాన్‌గారు తేలేది జనవరిలో. అక్కడి చలికాలం సినిమాల్లో చూపించే తెల్లటి దుప్పటి కాదు. ఇవాళ పడిన మంచు ఎల్లుండికి ఎండకూ గాలికీ ఎగిరిపోతుంది. ఆపైన వారాల తరబడి చుక్క ఉండదు. దక్షిణం, పడమర గోడల వార నేల ఎండి, నల్లి చేరి, వసంతానికి ఆ మేర గడ్డి చస్తుంది. అందుకని మంచు లేని రోజున, వేడి 40 డిగ్రీలు దాటిన పూట (మన లెక్కలో నాలుగున్నర), మిట్టమధ్యాహ్నం, నెలకు ఒకటి రెండుసార్లు నీళ్లు పెట్టాలి. స్ప్రింక్లర్ గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా అక్టోబరులోనే కంప్రెసర్ పెట్టి ఊదేసి ఉంటారు కాబట్టి ఇదంతా చేతి పనే. మంకీ క్యాప్, దొడ్డు జాకెట్, ఒక చేతిలో పైపు, చెవిలో ఆఫీసు మీటింగు. "యెస్, అయామ్ హియర్" అని మళ్లీ మ్యూట్. కారాపి చూసే తెల్లవాళ్లకు చెయ్యూపుతాడు. అయ్యాక కుళాయి నుంచి పైపు విప్పకపోతే అందులో మిగిలిన నీళ్లు గడ్డకట్టి గోడలోని గొట్టం పగులుతుంది. అంచేత పైపు విప్పి, నీళ్లన్నీ కారిపోయేలా ఈ చివర నుంచి ఆ చివర దాకా భుజమ్మీద ఎత్తుకుంటూ నడుస్తాడు. నీళ్లు చొక్కా చేతిలోకి కారి మోచెయ్యి దగ్గర ఆగుతాయి. కిటికీలోంచి ఆవిడ, "ఏవండీ, మీక్కూడా పచ్చగా మొలుస్తుందేమో చూసుకోండి!"

ఒక లాన్‌గారిది మార్కాపురం వైపు పల్లె. ఆరు నెలలుందామని వచ్చిన వాళ్ల నాన్నగారు బోర్లు వేసి వేసి అలిసిపోయిన రైతు. మొదటిరోజే పెరట్లో నిలబడి అడిగాడు.

"ఏం పైరురా ఇది?"

"పైరు కాదు నాన్నా, గడ్డి."

"గొడ్లేవి మరి?"

"లేవు."

"కోసి ఎవరికి వేస్తావు?"

"ఎక్కడ కోసింది అక్కడే వదిలేస్తాను. నేలకు బలం."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత రైతు అడగాల్సిన అసలు ప్రశ్న అడిగాడు. "నీళ్లెక్కడివి?"

ఇక్కడ కొడుకు రెచ్చిపోయాడు. డెన్వర్ నీళ్లలో సగం కొండల అవతలివని, కొలరాడో నది వైపు నుంచి వస్తాయని, అందుకోసం 23 మైళ్ల రాబర్ట్స్ సొరంగం తొలిచి 1962లోనే పూర్తిచేశారని చెప్పుకొచ్చాడు. వేసవిలో వారానికి 3 రోజులే పెట్టుకోవాలని, ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా ముట్టకూడదని కూడా చెప్పాడు. నల్లమల తొలిచి శ్రీశైలం నీళ్లు తెస్తామని 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన దగ్గర్నుంచీ ఆ సొరంగం మాట వింటూ ముసలివాడైన మనిషాయన. "కొండ తొలిచి, గడ్డికా?" అన్నాడు.

అలా అన్నాడే గానీ, వారం తిరక్కుండా మంకీ క్యాప్ చేతులు మారింది. కొడుకు నీళ్లు పెట్టడం నచ్చలేదాయనకు. "ఇలా చిలకరిస్తే వేరు దాకా దిగదురా, నిలబెట్టి తడుపు" అని పైపు లాక్కున్నాడు. ఇప్పుడు మధ్యాహ్నాలు పెద్దాయన పెరట్లో, కొడుకు కిటికీ వెనక, మీటింగులోనే చేతులూపుతూ, అటు కాదు ఇటని. మొన్న ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, అబ్బాయి ఏం పెట్టాడని అడిగాడట.

"పైరు ఏపుగానే ఉందిరా," అన్నాడు పెద్దాయన. "దిగుబడి మాత్రం అడక్కు."