కంప్యూటర్ కొనేవారికి పెద్ద అంబర్‌పేట్ పెద్దమనిషి సలహాలు

మా పెద్ద అంబర్‌పేట్‌లో ప్లాటు కొనేముందు లాయరును అడుగుతారు, ముహూర్తానికి ముందు పంతులుగారిని అడుగుతారు, కంప్యూటర్ కొనేముందు నన్ను అడుగుతారు. లాయరు, పంతులుగారు డబ్బులు తీసుకుంటారు. నేను టీతో సరిపెట్టుకుంటాను. ఊరికే వచ్చే సలహాకు విలువేముందని కొందరు గొణుగుతారు గానీ, వాళ్ళు తెప్పించే టీ చూస్తే నేనే నష్టపోతున్నట్టు లెక్క.

ఈ మధ్య అందరిదీ ఒకటే ప్రశ్న. "అరచేతిలో పట్టే మినీ పీసీ తీసుకోవాలా, సామాన్లన్నీ కొని అసెంబుల్డ్ సిస్టమ్ చేయించుకోవాలా?" ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే రాసి పెడుతున్నాను. ఈ చిట్కాలు తు.చ. తప్పకుండా పాటించండి. చిన్న డబ్బా కొన్నా, పెద్ద డబ్బా కొన్నా ఫలితం ఒకేలా ఉంటుందని నా అనుభవం.

1. ఏం పనికని అడగొద్దు

"కంప్యూటర్ దేనికి?" అని అడగడం పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం మొహం మీదే అడగడంలాంటిది. పైగా అలా అడిగితే సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. టీ కాగే లోపే మీరు లేచి రావాల్సి ఉంటుంది.

హయత్‌నగర్‌లో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడొకడు వచ్చాడు. పనేమిటని అడక్కుండా ఎన్100 చిప్పున్న మినీ పీసీ రాసిచ్చాను. ఇంటెల్ 2023లో తెచ్చిన చిప్పు అది. నాలుగు కోర్లు, కాగితం మీద 6 వాట్లు. ఎల్‌ఈడీ బల్బు కన్నా తక్కువ కరెంటుతో నడిచే ప్రాసెసర్ దొరికితే ఎవరు వద్దంటారు? ఆ కుర్రాడు తలంబ్రాల క్లిప్పులు 4కేలో ఎక్స్‌పోర్ట్ పెట్టాడు. అది అయ్యేసరికి అక్కడ పదహారు రోజుల పండగ కూడా అయిపోయింది. గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే డబ్బాలో వేలు పట్టే చోటు లేదు.

అదే వారం వనస్థలిపురంలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరుగారు వచ్చారు. ఆయన చూసేవి ప్రవచనాలు, మాట్లాడేది అమెరికాలో మనవడితో. ఆయనకు కరెంటు సరఫరాకు 750 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్, నీళ్ళతో చల్లబడే కూలర్, ముందు మూడు రంగుల ఫ్యాన్లు రాశాను. ప్రవచనం మధ్యలో ఫ్యాన్లు ఎర్రబడుతుంటే మామ్మగారు హారతి అనుకుని లేచి నిలబడుతున్నారట. ఇద్దరికీ సమన్యాయం చేశానన్న తృప్తి నాది. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఒకరి ఫోన్ నంబరు ఒకరికి ఇమ్మని నన్ను అడుగుతున్నారు.

2. పెట్టె మీద ధర చూస్తే చాలు

మినీ పీసీ ధర చూడగానే ఆర్డర్ పెట్టేయండి. కింద చిన్న అక్షరాల్లో "బేర్‌బోన్" అని ఉంటే అది కంపెనీ ఇంటిపేరు అనుకోండి. ర్యామ్ లేదని, ఎస్‌ఎస్‌డీ లేదని, విండోస్ లేదని పార్సిల్ విప్పాక తెలుస్తుంది. లోపల ఖాళీ ఉండడం వల్లే అంత తేలిగ్గా ఉందని అప్పుడు అర్థమవుతుంది.

అసెంబుల్డ్ లెక్క వేసేటప్పుడు మాత్రం ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, ఎస్‌ఎమ్‌పీఎస్‌తో ఆగకండి. మానిటర్, కీబోర్డు, మౌస్, టేబులు, కుర్చీ కూడా కలపండి. మినీ పీసీకీ మానిటర్ కావాలి కదా అని ఎవరైనా గుర్తుచేస్తే మాట మార్చండి. మినీ పీసీల్లో వైఫై, బ్లూటూత్ సాధారణంగా లోపలే వస్తాయి. చవక మదర్‌బోర్డుల్లో చాలావాటికి వైఫై ఉండదు. ఆ సంగతి రాత్రి పదింటికి, దుకాణాలన్నీ మూశాక తెలుసుకోవడం మంచిది.

బిల్లు అడక్కండి. కంప్యూటర్ సామాన్ల మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకపోతే ఎంత?" అన్న ప్రశ్నతో నూటికి 18 మిగులుతాయి. మూడేళ్ళ వారంటీ పోతుంది. వారంటీ కనబడదు, మిగిలిన డబ్బు కనబడుతుంది. కనబడేదాన్నే నమ్మాలి.

3. ఒక్కో సామాను ఒక్కో దుకాణంలో కొనండి

అసెంబుల్డ్ అంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. జనం నోట్లో సీటీసీ. మన నుంచి దారి సులువే. బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగి ఎర్ర లైను మెట్రో, ఎంజీబీఎస్‌లో మారి పచ్చ లైను, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి నీలం లైను, తర్వాతి స్టేషనే ప్యారడైజ్. వెళ్ళేటప్పుడు చేతులూపుకుంటూ మూడు రంగులూ మారవచ్చు. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం ఆరింటికి, చంకలో క్యాబినెట్, చేతిలో మానిటర్ పట్టుకుని అవే మూడు రంగులు మారి చూడండి. ఆ పైన సిస్టమ్ ఆన్ అయినా కాకపోయినా పెద్దగా బాధ ఉండదు.

అక్కడ ప్రాసెసర్ ఒకచోట, మదర్‌బోర్డు ఇంకోచోట, ఎక్కడ వంద తగ్గితే అక్కడ తీసుకోండి. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎల్‌జీఏ 1700 సాకెట్‌లోనే కూర్చుంటాయి. ఏఎమ్‌డీవి పాతవి ఏఎమ్4లో, 2022 నుంచి వచ్చిన కొత్తవి ఏఎమ్5లో. జాతకాలు కలవలేదని మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఆగాయా? నొక్కితే అదే కూర్చుంటుంది. డీడీఆర్4 ర్యామ్‌కీ డీడీఆర్5 ర్యామ్‌కీ గాడి వేరే చోట ఉంటుంది. అది కూడా నొక్కండి.

ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" అని ఉన్నది తీసుకోండి, రేటు తక్కువ. ఐ5 12400 కన్నా 12400ఎఫ్ చవక. ఎఫ్ అంటే దాంట్లో గ్రాఫిక్స్ లేవని అర్థం. వేరే కార్డు లేకపోతే తెర మీద బొమ్మ రాదు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ నల్లగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ వచ్చి చూసి "కరెంటు బాగానే వస్తోంది" అని మెచ్చుకుని వెళతారు.

4. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో మిగిల్చి లైట్లకు పెట్టండి

ఎస్‌ఎమ్‌పీఎస్ కనబడని సామాను. వంటింట్లో రెగ్యులేటర్‌లా మూలన ఉంటుంది. చుట్టాలు ఎవరూ దాన్ని చూసి మెచ్చుకోరు. అందుకని క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చేదాన్నే ఉంచుకోండి. స్టిక్కరు మీద 450 వాట్లని ఉంటుంది. స్టిక్కరు ప్రింటు చేయడానికి ఎన్ని వాట్లయితేనేం. పోయేటప్పుడు అది ఒంటరిగా పోదు. మదర్‌బోర్డునో, ఎస్‌ఎస్‌డీనో తోడు తీసుకెళ్తుంది. మిగిలిన వెయ్యితో గాజు తలుపు, రంగుల లైట్లు పెట్టించండి.

మినీ పీసీ వాళ్ళకు ఈ బెంగ లేదు. ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టు బయట ఒక అడాప్టర్ ఉంటుంది. దాన్ని వైఫై రౌటర్ అడాప్టర్‌తో కలిపి ఒకే డబ్బాలో దాచండి. పిన్ను పడితే చాలు, వోల్టేజీ చూడనక్కర్లేదు.

5. కరెంటు లెక్క వేయొద్దు

లెక్క వేస్తే ఇలా ఉంటుంది. మామూలు ఆఫీసు పనికి చిన్న డబ్బా పది, పదిహేను వాట్లు తాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని అసెంబుల్డ్ సిస్టమ్ సుమారు యాభై తాగుతుంది. తేడా 40 వాట్లు అనుకుంటే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు పది యూనిట్లు. పది యూనిట్లంటే ఏపాటి? రెండు మిర్చి బజ్జీల ప్లేట్ల ఖర్చు. ఈ పది యూనిట్ల కోసం డబ్బా మార్చడం పిచ్చితనం, నిజమే.

అయితే తెల్లకార్డు ఉండి, గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇళ్ళు మన దగ్గర బోలెడు. 2024 మార్చి నుంచి అమలవుతున్న ఆ పథకంలో గీత 200 యూనిట్ల దగ్గర ఉంది. 195 దగ్గర నడుస్తున్న ఇంట్లో ఈ పది చేరితే 205. అప్పుడు కట్టాల్సింది ఐదు యూనిట్లకు కాదు, మొత్తానికి. రోజుకు నాలుగు గంటల పాటు 300 వాట్లు లాగే గేమింగ్ సిస్టమ్ అయితే నెలకు 36 యూనిట్లు. ఆ ఇంట్లో తండ్రికి ఈ లెక్క చెప్పకండి. ఫ్రిజ్‌ను అనుమానించి మెకానిక్‌ను పిలిపిస్తాడు. పాపం, అతనికీ బతుకుతెరువు కావాలి కదా.

6. గాలి తగలనివ్వద్దు

విజయవాడ హైవే మన గుమ్మం ముందే. లారీ వెనక లారీ. అప్పుడే తుడిచిన టేబులు మీద పది నిమిషాల్లో పేరు రాయవచ్చు. అందుకే మినీ పీసీని టీవీ స్టాండు అరలో పెట్టి, తలుపు మూసి, పైన కుట్టు అల్లిక గుడ్డ కప్పండి. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే లోపల ఎంత ఉంటుందో అది చెప్పదు. తనంతట తానే వేగం తగ్గించుకుని నడుస్తుంది. ఎండలో మనమూ నెమ్మదిగానే నడుస్తాం, తప్పేముంది?

అసెంబుల్డ్ క్యాబినెట్‌కు వెనక ఒకటి రెండు రేకులు తీసి వదిలేయండి. బల్లికి చల్లటి ఇల్లు. ఆరు నెలలకోసారి పక్క తలుపు విప్పి బ్లోయర్ కొట్టుకోవచ్చు, పాడైన ఫ్యాన్ ఒక్కటే మార్చుకోవచ్చు అని అసెంబుల్డ్ వాళ్ళు గొప్పలు పోతారు. తలుపు విప్పినవాడిని నేనింతవరకు చూడలేదు.

7. రేపటి కోసం కొనండి, ఏ రేపో తేల్చుకోవద్దు

అసెంబుల్డ్‌లో నాలుగు ర్యామ్ స్లాట్లున్న ఖరీదైన బోర్డు తీసుకుని, రెండు స్లాట్లు భవిష్యత్తుకు ఖాళీగా ఉంచండి. కోడలి కోసం ముందే కట్టించిన గదిలా అవి ఎదురుచూస్తుంటాయి. ర్యామ్ తర్వాత కొనుక్కోవచ్చులే అనుకున్నవాళ్ళను 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ పట్టుకుంది. ర్యామ్ ధర బంగారంతో పోటీ పడింది.

చిన్న డబ్బాల్లో దర్జా కావాలంటే మ్యాక్ మినీ ఉంది. 2024 చివర్లో ఎమ్4 చిప్పుతో, ఐదంగుళాల చదరంలో, 16 జీబీ ర్యామ్‌తో 59,900 రూపాయలకు దిగింది. ఆ ధరకు ఆ వేగం సొంతంగా బిగించుకోవడం కష్టమేనని అసెంబుల్డ్ వీరులే లోపల ఒప్పుకుంటారు. 256 జీబీ స్టోరేజీ చాలకపోతే 512కు అప్పటి ధర 79,900. ర్యామ్ తర్వాత పెంచుకోవడం కుదరదు. కనక ముందు కొనేసి, పెంచడం కుదురుతుందా అని తర్వాత నన్ను అడగండి.

ఇంకా చవక కావాలంటే ఆఫీసుల నుంచి తీసేసిన చిన్న సైజు కంప్యూటర్లు దొరుకుతాయి. అందులో ఐ5 అని ఉందా లేదా అన్నది చూస్తే చాలు. ఎన్నో తరం ఐ5 అని మాత్రం అడక్కండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సెలవు చెప్పింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అర్హత. ఆరో తరం ఐ5 రెండు వేలు తక్కువకు వస్తుంటే ఎనిమిదో తరం కొనడం దుబారా.

8. చరిత్రను సాక్ష్యానికి పిలవండి

వాదనలో ఓడిపోతున్నారనిపిస్తే ఈసీఐఎల్‌ను తెండి. మన తూర్పు హైదరాబాద్‌లో కంప్యూటర్ తయారుచేసుకోవడం కొత్త కాదు. 1967లో పుట్టిన ఈసీఐఎల్ రెండేళ్ళకే టీడీసీ-12 అనే కంప్యూటర్ తెచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు. "1969లోనే మనవాళ్ళు సొంతంగా చేశారు, నువ్వు నాలుగు స్క్రూలు బిగించుకోలేవా?" అనండి. వాళ్ళ వెనక అణుశక్తి శాఖ ఉందని, మీ వెనక బావమరిది మాత్రమే ఉన్నాడని ఎదుటివాడికి వెంటనే తట్టదు.

అవతలివాడు చిన్న డబ్బా వైపుంటే ఇంటెల్ సంగతి ఎత్తండి. చిన్న డబ్బాలకు పేరు తెచ్చిన ఎన్‌యూసీ వరసను 2023 జూలైలో ఇంటెల్ తానే వదులుకుంది. తర్వాత ఆసుస్ చేపట్టింది. "కన్నతల్లే దత్తతకు ఇచ్చేసింది" అంటే సభ నిశ్శబ్దమైపోతుంది.

9. ఆయుధపూజను మరవొద్దు

మినీ పీసీకి దసరా నాడు బొట్టు పెట్టాలంటే పవర్ బటన్ మీదే పెట్టాలి. అసెంబుల్డ్‌కు మూడు నిలువు బొట్లు పెట్టి, చామంతి దండ వేసి, పక్కన నిమ్మకాయ పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఇంతకుమించిన సాంకేతిక తేడా నాకు కనబడలేదు.

చివరిగా ఒక హెచ్చరిక

ఈ చిట్కాలు పాటించనివాళ్ళు ఎలా తయారవుతారో చెప్పి ముగిస్తాను. మా చౌరస్తాలో జిరాక్స్ షాపు నడిపే చెల్లె ఉంది. పాత సిస్టమ్ మొరాయిస్తోందని అడిగితే, రాత్రంతా కూర్చుని మూడు పేజీల కొటేషన్ రాసుకుపోయాను. ఆమె మొదటి పేజీ చదివి, "అన్నా, పహాణీ ప్రింటుకు ఎన్ని కోర్లు కావాలె?" అంది.

నేను కోర్ల గురించి చెప్పబోతుంటే ఆమె వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "ప్రింటర్ ఒకటి, స్కానర్ ఒకటి, కీబోర్డు, మౌస్, వేలిముద్ర మిషన్. ఐదు యూఎస్‌బీలు. కౌంటర్ రెండడుగులు. కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీద నడవాలె. ఆధార్లు, హాల్‌టికెట్లు, పహాణీలు, గంతే పని. నాకు చిన్న డబ్బానే సాలు, ఎనక ఐదు రంధ్రాలుంటే. మా అన్న కొడుకు పెండ్లి ఆల్బమ్‌లు జేస్తడు, ఆనికి పెద్దది కావాలె. ఇండ్ల అడిగేదేముందన్నా?"

చూశారా? మొదటి చిట్కానే కాళ్ళ కింద తొక్కేసింది. పనేమిటో ముందే చెప్పేసుకునేవాళ్ళకు సలహా చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. టీ కూడా రాలేదు.

కనీసం నా కొటేషన్ వేరెవరికైనా పనికొస్తుందని ఒక కాపీ తీసివ్వమన్నాను. మూడు పేజీలు, పేజీకి రెండు చొప్పున ఆరు రూపాయలు తీసుకుంది.