విక్టోరియా మహారాణీ, మన బొజ్జలూ

అయితే తేలిపోయింది. మన బొజ్జలకి మనం బాధ్యులం కాము, విక్టోరియా మహారాణి బాధ్యురాలు. ఆ రీల్ మీకూ వచ్చే ఉంటుంది. రాకపోతే సాయంత్రం లోపు మీ పెద్దమ్మ కొడుకు పంపుతాడు. తెల్లవాడి పాలనలో వచ్చిన కరువుల్లో బక్కవాళ్ళంతా రాలిపోయారట. ఒంట్లో కొవ్వు దాచుకోగల మొనగాళ్ళు మిగిలారట. ఆ మొనగాళ్ళ మునిమనవలం కాబట్టి మనకి షుగరొస్తోందట. దీన్నే ప్రకృతి వరణం, అంటే ప్రకృతి చేసే ఎంపిక, అంటారట. వెనకాల వీణ, ముందు గిరగిరా తిరిగే డీఎన్‌ఏ మెట్లు, చివర్లో ఏదో పొడి అమ్మే లింకు.

మొదట నాకూ హాయిగానే అనిపించింది. పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు నడిచి, గేటు దాటగానే నెయ్యికారం దోశెల బండి దగ్గర ఆగేవాళ్ళకి ఇన్నాళ్ళూ మనసులో ఓ పీకులాట ఉండేది. ఇక లేదు. పెళ్ళి బఫేలో మూడో గులాబ్‌జామ్ వేసుకుంటున్న పెద్దమనిషిని భార్య గుడ్లురిమి చూస్తే, "తింటున్నది నేను కాదే, 1876 కరువు తింటోంది" అనొచ్చు. చరిత్రకి ఇంతకంటే రుచికరమైన ఉపయోగం ఎవరూ కనిపెట్టలేదు.

ఈ కథకి తాత ఒకాయన ఉన్నాడు. అమెరికా జన్యుశాస్త్రవేత్త జేమ్స్ నీల్. తిండి దొరికినప్పుడు దాచుకుని, దొరకనప్పుడు వాడుకునే పొదుపరి జన్యువులే ఇవాళ షుగర్‌గా తిరగబడుతున్నాయేమో అని 1962లో రాశాడు. "ఏమో" ఆయనదే. వ్యాసం పేరు చివర ప్రశ్నార్థకం కూడా పెట్టాడు. ఆయన మనసులో ఉన్నది వేల ఏళ్ళ కిందట వేటాడుకుని బతికిన మనుషులు. మన రీల్ వీరులు ఆ ప్రశ్నార్థకాన్ని పీకేశారు, వేల ఏళ్ళని నూటయాభైకి కుదించారు, వేటగాడి బదులు కలెక్టరు దొరని నిలబెట్టారు. ఆ తర్వాత నీల్ తన ఊహని తనే మళ్ళీ మళ్ళీ తరచి చూసుకున్నాడు. రీల్‌కి ఆ అలవాటు ఉండదు.

పోనీ లెక్క వేద్దాం. ధాత కరువు 1876లో మొదలైంది. అప్పటినుంచి ఇప్పటికి ఐదారు తరాలు. కొవ్వు దాచే జన్యువు అప్పట్లో నూటికి ఇరవై వంతులుందనుకోండి. అది ఉన్నవాళ్ళకి ప్రతి తరంలోనూ ఒక శాతం ఎక్కువ లాభం వచ్చిందనుకోండి. తరానికో కరువు వచ్చిందని ఒప్పేసుకుంటున్నాను, నా ఉదారత గమనించండి. ఆరు తరాలకి ఆ ఇరవై ఎంతవుతుంది? దాదాపు ఇరవై ఒకటి. ఒక్క శాతం కాదు, ఏకంగా పది శాతం లాభం అనుకున్నా ముప్ఫై ఒకటి దాటదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలగడం మనుషుల్లో ఇప్పటిదాకా తెలిసిన బలమైన ఎంపికల్లో ఒకటి. అది ఉత్తర ఐరోపాలో స్థిరపడడానికి వేల ఏళ్ళు పట్టింది. మన బొజ్జ మాత్రం అప్పటి వైస్రాయ్ లార్డ్ లిట్టన్ ఓడ దిగి మళ్ళీ ఓడెక్కే లోపల పని ముగించుకుందట.

ఇంకో చిక్కుంది. కరువులో ఎవరు చనిపోతారు? ఎక్కువగా చిన్నపిల్లలు, ముసలివాళ్ళు. ముసలివాళ్ళు పిల్లల్ని కనడం అప్పటికే అయిపోయింది, వాళ్ళు పోయినా ఉన్నా జన్యువుల లెక్క మారదు. పసివాళ్ళు పోయింది కొవ్వు దాచలేక కాదు. కలరా, మలేరియా, మశూచి, విరేచనాలు. జాన్ స్పీక్‌మన్ అనే శాస్త్రవేత్త ఈ మాట చాలా ఏళ్ళుగా చెబుతున్నాడు. ఆయన దగ్గర వీణ లేదు పాపం.

జన్యువుల్లోకే వెళ్ళి చూసినవాళ్ళూ ఉన్నారు. షుగర్‌తో సంబంధం ఉన్నట్టు తేలిన 65 చోట్లని తీసుకుని, వాటి మీద ఎంపిక ముద్ర ఉందా అని 2014లో వెతికారు. కొద్దిచోట్ల ఆనవాళ్ళు దొరికాయి. షుగర్‌ని పెంచే రకానికీ దొరికాయి, ఆపే రకానికీ దొరికాయి. అంటే పొదుపరి కథకి దక్కింది సున్నా. ఇక నిజంగా "పొదుపరి" అని పిలవదగ్గ జన్యువేదైనా ఉంటే అది సమోవా దీవుల్లో 2016లో బయటపడింది. దాని పేరు సీఆర్‌ఈబీఆర్‌ఎఫ్. అందులో ఒక రకం ఉన్నవాళ్ళు లావెక్కుతారు, దాని మీద ఎంపిక జాడలూ ఉన్నాయి. కానీ ఆ రకం ఉన్నవాళ్ళకి షుగర్ వచ్చే ముప్పు తక్కువ! ఈ ముక్క రీల్‌లో పెడితే పొడి అమ్ముడుపోదు.

మన పొట్టల సంగతికి ఇంతకంటే దగ్గర దారి పుణేలో ఉంది. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన పసికందుల్ని తూచి, ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. మనవాళ్ళు 2.7 కిలోలు, వాళ్ళు 3.5. మన పిల్లల్లో కండ తక్కువ, బరువు తక్కువ, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. తల్లి ఏం తింది, ఎంత పనిచేసింది, ఆమె ఎత్తెంత, ఆమె చిన్నప్పుడు ఏం తింది అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. దీనికి ఆరు తరాలక్కర్లేదు, ఒక్క తల్లి జీవితం చాలు. కానీ కోడలికి కడుపునిండా పెట్టామా అని అడిగే రీల్‌ని ఎవరు ఫార్వర్డ్ చేస్తారు? విక్టోరియా మీదకి నెట్టేస్తే సరి, ఆవిడ ఎలాగూ కేసు వేయదు.

ఇక్కడితో నా హాస్యం అయిపోయింది.

1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటించారు. అదే నెలల్లో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో మనుషులు రోడ్ల పక్కన పడి చచ్చిపోతున్నారు. సర్ రిచర్డ్ టెంపుల్ దొర వచ్చి, కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా లేదు. అది తిని రాళ్ళు కొట్టాలి, మట్టి మోయాలి. చాలదు, జనం చచ్చిపోతారని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ మొత్తుకున్నాడు. దేశంలోంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. అంతకుముందు 1832-33లో, నందన కరువులో, గుంటూరు జిల్లా ఐదు లక్షల మందిలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని లెక్కలున్నాయి.

ఆ కరువుల్లో మిగిలినవాడు కొవ్వు జన్యువున్నవాడు కాదు. పాతరలో జొన్నలున్నవాడు. ఊళ్ళో చెరువు కింద నాలుగెకరాలున్నవాడు, కరణంతో మాట చెల్లినవాడు, ధర పెరిగేదాకా గింజ బయటికి తియ్యనివాడు. పోయినవాడు మాలపల్లెవాడు, మాదిగవాడవాడు, మగ్గం ఆగిపోయిన సాలెవాడు, కూలి దొరకనివాడు. ఎవరు బతకాలో తేల్చింది ప్రకృతి కాదు. పన్ను, కులం, రైలు, మార్కెట్టు. దాన్ని "వరణం" అని పిలవడం చచ్చిపోయినవాళ్ళని రెండోసారి చంపడం. వాళ్ళు చేవలేక పోయారనీ, మనం గట్టివాళ్ళం కాబట్టి ఇక్కడున్నామనీ కదా ఈ కథకి అర్థం! ఆనాడు పాతర మూసి కూర్చున్న ఇంటి మునిమనవడు ఇవాళ ఏసీ హాల్లో డబుల్ కా మీఠా తింటూ తను కరువు బాధితుణ్ణంటున్నాడు. సిగ్గనేది ఏ క్రోమోజోము మీద ఉంటుందో మరి!

ఎంపిక జాడ పట్టే శాస్త్రం మీద నాకు కోపం లేదు. అది చాలా తెలివైన పని. ఒక నాయకుడు హఠాత్తుగా గెలిచాడనుకోండి. వెంట ఉన్న బావమరిది, డ్రైవరు, ఫ్లెక్సీలు కట్టే కుర్రాడు, అందరూ ఆయనతోపాటే పైకొస్తారు. కాలం గడిచేకొద్దీ ఒక్కొక్కడూ విడిపోతాడు. ఇంకా గుంపంతా చెక్కుచెదరకుండా ఉందంటే, గెలుపు ఈ మధ్యదన్నమాట. జన్యువుల్లోనూ ఇంతే. లాభం తెచ్చే మార్పు జనంలో వేగంగా వ్యాపించినప్పుడు చుట్టూ ఉన్న పొడుగాటి డీఎన్‌ఏ ముక్కని కూడా లాక్కొస్తుంది, తరాలు గడిస్తే ఆ ముక్క చిన్నదవుతుంది. 2002లో పార్దిస్ సబేతీ, 2006లో జొనాథన్ ప్రిచర్డ్ బృందం ఈ పొడుగుని కొలిచే పద్ధతులు చెప్పారు. చిక్కేమిటంటే, ఎంపిక లేకుండా కూడా గుంపులు పైకొస్తాయి. జనాభా ఒక్కసారి కుదించుకుపోయి మళ్ళీ పెరిగితే చాలు. 2009లో జాషువా ఏకీ అలాంటి 21 అధ్యయనాల్ని కలిపి చూశాడు. ఎంపిక జరిగిందని చెప్పిన చోట్లు 5,110. అందులో కనీసం రెండు అధ్యయనాలు ఒప్పుకున్నవి 14 శాతం. అదీ ఈ విద్య తనకి తనే వేసుకున్న మార్కు.

ఉత్తర ఐరోపావాళ్ళు ఎంపిక వల్లే పొడుగయ్యారని ఏళ్ళ తరబడి రాశారు. 2019లో రెండు బృందాలు విడివిడిగా, మెరుగైన లెక్కలతో చూస్తే ఆ సంకేతం చాలావరకు ఆవిరైపోయింది. మెదడు జన్యువులు రెండు 5,800 ఏళ్ళ కిందటా, అంతకుముందూ ఎంపికయ్యాయని 2005లో షికాగో నుంచి మోగించారు. 2007లో పరీక్షిస్తే తెలివితేటలతో వాటికి సంబంధమే కనిపించలేదు. అయినా ఆ గంట ఇంకా కొందరి చెవుల్లో మోగుతూనే ఉంది.

ఇప్పుడు హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ ప్రయోగశాల మాట. 8,433 మంది ప్రాచీనుల ఎముకల డీఎన్‌ఏ చూసి, గత 14,000 ఏళ్ళలో 347 చోట్ల ఎంపిక జరిగిందని 2024లో బయటపెట్టిన ముందుప్రతిలో రాశారు. గొప్ప పని. ఐరోపా, పశ్చిమాసియా జనం గురించి. అందులో కొవ్వు పెంచే జన్యువుల స్కోరు కాలక్రమేణా తగ్గింది, పెరగలేదు. తెలివికి సంబంధించినదంటున్న స్కోరు పెరిగిందట. అయితే ఈ స్కోర్లు నేటి పారిశ్రామిక సమాజాల్లో కొలిచినవి, ఆనాటి మనుషులకి అవి ఏం మేలు చేశాయో తెలియదని వాళ్ళే సంక్షిప్తంలో రాసుకున్నారు. ఆ వాక్యం దాకా చదివినవాడు మన వాట్సాప్‌లో ఒక్కడూ లేడు. మన దేశంలో ఎండకి ఎముకల్లో డీఎన్‌ఏ చాలావరకు నిలవదు. రాఖీగఢీలో 60కి పైగా నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్క స్త్రీది. ఆమె ఒక్కతే మన జాతులన్నిటి గొప్పతనానికీ సాక్ష్యం చెప్పాలి.

మా తోడల్లుడు ట్యూబులో ఉమ్మి పోసి పంపితే రంగుల రిపోర్టు వచ్చింది. "మీ పూర్వీకులు కరువుకి అనుకూలించుకున్నారు" అని ఒక పేజీ, "మీ తెలుగు జన్యు నేపథ్యం" అని ఒక పేజీ. ఇలాంటి వాటికి ప్రపంచమంతా వాడుకునే వెయ్యి జీనోముల పట్టికలో తెలుగువాళ్ళంటే ఎవరో తెలుసా? బ్రిటన్‌లో ఉంటున్న 102 మంది. ఆ పట్టికని తయారుచేసినవాళ్ళ తప్పేం లేదు, పేరే "బ్రిటన్‌లోని భారతీయ తెలుగువారు" అని నిజాయితీగా పెట్టారు. శ్రీకాకుళం నుంచి నిజామాబాద్ దాకా ఉన్న కోట్లమందినీ ఆ 102 మంది స్వెటర్లలోకి దూర్చింది మా తోడల్లుడికి రిపోర్టు అమ్మినవాళ్ళు.

వ్యాపారం రక్తంలో ఉంది, పౌరుషం రక్తంలో ఉంది, కోడింగ్ రక్తంలో ఉంది అనేవాళ్ళకి ఒక్క మాట. హైదరాబాద్ సీసీఎంబీలో తంగరాజ్ తదితరులు 2009 నుంచీ చూపిస్తున్నది ఏ కులమూ తెలివికి ఎంపికైందని కాదు; ఏ కులానికాకులం ఎన్నో తరాలుగా తలుపులేసుకుని కూర్చుందని. దాని ఫలితం వైశ్యుల్లో కనిపిస్తుంది. ఆపరేషన్‌కి ముందు సక్సమెథోనియం అనే మందు ఇస్తే ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పట్టే లోపం వాళ్ళలో మిగతావాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది ఎంపిక కాదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి, లోలోపలి పెళ్ళిళ్ళతో వచ్చిన కాకతాళీయం. మత్తు డాక్టరుకి పనికొచ్చే సంగతి, మీసం మెలెయ్యడానికి పనికిరాదు.

తెలుగు నేల మీద ప్రకృతి వరణం వేలుపెట్టి చూపించదగ్గ చోటు ఒకటుంది. ఏజెన్సీ. మలేరియా ఉన్న అడవుల్లో సికిల్ సెల్ జన్యువు ఒక్క ప్రతి ఉంటే మలేరియా నుంచి కొంత రక్షణ. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో దీన్ని చూపించాడు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రెండూ వస్తే ఆ బిడ్డ రక్తకణాలు కొడవళ్ళలా వంగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల్లో నొప్పి, రక్తహీనత, మాటిమాటికీ రక్తం ఎక్కించుకోవడం. డోలీ కట్టి కొండ దించితే తప్ప ఆస్పత్రి లేని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. కేంద్రం 2023లో సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టి 2047 గడువు పెట్టుకుంది. ఎంపిక నిజంగా ఎలా ఉంటుందో చూడాలనుకునేవాడు ఆ పిల్లల వార్డుకి వెళ్ళాలి. దాని మీద రీల్ చేసినవాణ్ణి నేను చూడలేదు. అక్కడ గర్వపడేందుకు ఏమీ లేదు, అమ్మేందుకు పొడి కూడా లేదు.

ఇదంతా మా తోడల్లుడికి గంటసేపు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. పకోడీ ప్లేటు నా వైపు జరిపి, "అంటే అన్నయ్యా, ఏజెన్సీ వాళ్ళ జీన్స్ మనకంటే స్ట్రాంగన్నమాట. వాళ్ళకి హాస్పిటల్స్ ఎందుకు మరి?" అన్నాడు.